అద్దె యాట్‌లో విండ్లాస్ (లంగరు చైను ఎత్తే మోటారు) మొండికేసింది, డిపాజిట్ కోసేశారు. తప్పు ఎవరిది?

తెరచాపదారి
ఏడు రోజులకి 41 అడుగుల యాట్ అద్దెకి తీసుకున్నాం. నేను, మా ఆవిడ, ఇంకో జంట. సొంతంగా స్కిప్పర్‌గా చార్టర్ చేయడం నాకిది మూడోసారి. రెండో రోజు నుంచే లంగరు ఎత్తేటప్పుడు చైను జిప్సీ (చైనుని పట్టి లాగే పళ్ల చక్రం) మీద "టక్... టక్" అని ఎగిరిపడుతూ ఉంది. దాని తీరే అంతేమోలే అని సరిపెట్టుకున్నాం.

నాలుగో రాత్రి ఒక చిన్న ఖాతంలో లంగరు వేశాం. మీటర్ 7 మీటర్ల లోతు చూపించింది, 35 మీటర్ల చైను వదిలాం. తెల్లవారుజామున మూడింటికి గాలి దిశ మారింది, వేగం 25 నాట్లు దాటింది. నేను ముందు క్యాబిన్‌లో పడుకున్నాను. చైను రాళ్ల మీద గీసుకుపోయే చప్పుడు దిండులోంచి వినిపించింది. పైకి పరుగెత్తి చూస్తే వెనకనున్న బోటు మాకు ముప్ఫై అడుగుల దూరంలో ఉంది!

ఇంజిన్ స్టార్ట్ చేసి మా ఆవిడ చుక్కాని పట్టుకుంది, నేను బోటు ముక్కు దగ్గరికి వెళ్లాను. బటన్ నొక్కితే విండ్లాస్ ఒక పది మీటర్లు లాగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. మిగతాది ఇద్దరం మగవాళ్లం చేతులతో లాగాం. నా అరచేతులు రెండూ చీరుకుపోయాయి. పొద్దున కంపెనీకి ఫోన్ చేస్తే వెనక క్యాబిన్ మంచం కింద బ్రేకర్ ఉంది, రీసెట్ చేయమన్నారు. చేస్తే పనిచేసింది.

చివరి రోజు బోటు అప్పగించేటప్పుడు "జిప్సీ పళ్లు తినేశాయి, మీరు సరిగా వాడలేదు" అని డిపాజిట్‌లో మూడో వంతు కోసేశారు. ఫొటోలు పెడుతున్నాను. ఇందులో నిజంగా నా తప్పెంత?

చుక్కానిచెయ్యి
చైను ఎగిరిపడుతున్నప్పుడే, అంటే రెండో రోజే, కంపెనీకి ఫోన్ చేయాల్సింది. అది మీ తప్పే. మిగతాది తర్వాత మాట్లాడదాం.

ఉప్పుగాలి
ముందు అందరూ క్షేమంగా ఉన్నారు, అది చాలు. రాత్రి మూడింటికి 25 నాట్ల గాలిలో చేతులతో చైను లాగడమంటే మామూలు విషయం కాదు. మీ ఆవిడ బోటుని సరిగ్గా గాలికి ఎదురుగా నిలబెట్టింది కాబట్టే మీరు లాగగలిగారు, ఆవిడకి నా తరఫున చెప్పండి.

కొన్ని ప్రశ్నలు. ఎత్తేటప్పుడు ఇంజిన్ ముందు గేరులో ఉందా, న్యూట్రల్‌లోనా? స్నబ్బర్ (చైను గుంజుడు తీసుకునే సాగే తాడు) కట్టారా? ఆ 35 మీటర్లు ఎలా లెక్కపెట్టారు?

తెరచాపదారి
ఇంజిన్ న్యూట్రల్‌లోనే ఉంది, కంగారులో గేరు వేయలేదు. స్నబ్బర్ బోటులో లేదు, అడిగితే "చైనే బరువు కదా, అక్కర్లేదు" అన్నారు. చైన్ కౌంటర్ పనిచేయలేదు. చైను మీద రంగు గుర్తులేవీ లేవు. 10 సెకన్లకి సుమారు 5 మీటర్లు అని ఇచ్చేటప్పుడు చెప్పారు, ఆ లెక్కన వదిలాను.

వోల్టులెక్క
బ్రేకర్ ఎందుకు పడిందో మీ జవాబులోనే ఉంది. 1000 వాట్ల విండ్లాస్ అనుకుందాం. 12 వోల్టులతో భాగిస్తే 83 ఆంపియర్లు. అది మోటారుకి రాసిన మామూలు పని లెక్క. గాలికి ఎదురుగా బోటు బరువంతా దాంతో లాగిస్తే కరెంటు ఇంకా పెరుగుతుంది. బ్రేకర్ ఉన్నదే అలాంటప్పుడు తెగడానికి. మోటారు కాలిపోకుండా అదే కాపాడింది.

బ్యాటరీ వెనక ఉంటుంది, విండ్లాస్ ముక్కు దగ్గర ఉంటుంది. మధ్యలో కేబుల్ పొడవు వల్ల వోల్టేజ్ పడిపోతుంది. అందుకే ఎత్తేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి, ఆల్టర్నేటర్ తోడుండాలి. ఐడిల్‌లో కాదు, నిమిషానికి 1500 చుట్ల దాకా తిప్పాలి.

నీలినీడ
మరి విండ్లాస్ ఉన్నది లాగడానికే కదా? బోటుని లాగకూడదంటే అర్థం కావట్లేదు.

ఉప్పుగాలి
@నీలినీడ విండ్లాస్ ఎత్తాల్సింది చైను, లంగరు. బోటుని ముందుకు తీసుకెళ్లే పని ఇంజిన్‌ది. ముక్కు మీద ఉన్నవాళ్లు చైను ఏ దిక్కున ఉందో చెయ్యి చాపి చూపించాలి, చుక్కాని దగ్గరున్నవాళ్లు మెల్లగా అటు నడపాలి. చైను నిట్టనిలువుగా వేలాడుతున్నప్పుడు బటన్ నొక్కాలి. బిగుసుకుంటే ఆపాలి, బోటు ముందుకొచ్చాక మళ్లీ నొక్కాలి. రాత్రి గాలిలో అరుపులు వినపడవు కాబట్టి చేతి సైగలు పగలే అనుకుని పెట్టుకోవాలి.

అలసవ్వడి
మేం సైగలకి ముందు పెద్ద శిక్షణే పెట్టుకున్నాం. "ఆపు" సైగకి మా బావగారు ప్రతిసారీ చెయ్యూపి టాటా చెప్పేవాడు 😄 మూడో రోజుకి దారికొచ్చాడు.

గొలుసుకొక్కెం
ఫొటోలు రెండుసార్లు చూశాను. ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. బో రోలర్ (ముక్కు మీద చైను జారే చక్రం) అరిగిపోయి ఉంది, లంగరు కొన తుప్పు పట్టింది, విండ్లాస్ మూత మీద పెయింట్ లేచిపోయింది. చైను మాత్రం తళతళా మెరుస్తోంది! జింకు పూత కొత్తది. అంటే ఈ సీజన్‌లోనే చైను మార్చారు. రంగు గుర్తులు లేకపోవడానికి కారణం అవి చెరిగిపోవడం కాదండీ, అసలు వేయనే లేదు.

జిప్సీ పక్కన ఏదో అచ్చు కొట్టి ఉంది. దగ్గర నుంచి తీసిన ఫొటో ఏమైనా ఉందా?

తెరచాపదారి
ఉంది, పెడుతున్నాను. 10 అని, పక్కన డిన్ 766 అని ఉంది. చైను కూడా 10 మిల్లీమీటర్లదే, కాగితాల్లో అలాగే రాశారు.

గొలుసుకొక్కెం
అక్కడే ఉంది కిటుకు. 10 మిల్లీమీటర్లు అనేది లింకు కడ్డీ మందం. జిప్సీలో చైను కూర్చోవాలంటే మందం ఒక్కటీ సరిపోదు, లింకు లోపలి పొడవు కూడా సరిపోవాలి. దాన్నే పిచ్ అంటాం. డిన్ 766 అనే జర్మన్ ప్రమాణంలో 10 మిల్లీమీటర్ల చైనుకి పిచ్ 28 మిల్లీమీటర్లు. ఐఎస్ఓ 4565 అనే అంతర్జాతీయ ప్రమాణంలో అదే 10 మిల్లీమీటర్ల చైనుకి 30. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, చేత్తో పట్టుకున్నా తేడా తెలియదు. జిప్సీలో మాత్రం ఒక్కో లింకుకి రెండేసి మిల్లీమీటర్లు పక్కకి జరుగుతూ పోయి, ఇక ఇమడలేక పంటి మీదికెక్కి దూకుతుంది. మీరు విన్న "టక్" అదే అయి ఉండాలి. దూకిన ప్రతిసారీ పన్ను కొంచెం తింటుంది.

8 మిల్లీమీటర్ల చైనుతో ఈ గొడవ లేదు, రెండు ప్రమాణాల్లోనూ పిచ్ 24.

చుక్కానిచెయ్యి
ఫొటో చూసి తీర్పు చెప్పేయకండి. చైను దూకడానికి ఇంకా కారణాలున్నాయి. మెలికలు పడి ఉండొచ్చు. లాకర్‌లో చైను గుట్టగా పేరుకుని పైనుంచి కిందికి దిగకపోతే జిప్సీ దగ్గరే కుక్కుకుపోయి దూకుతుంది. చైనుని నెట్టే పట్టీ వంగి ఉండొచ్చు. పాత జిప్సీ అయితే సరైన చైనుతో కూడా దూకుతుంది.

గొలుసుకొక్కెం
అన్నీ ఒప్పుకుంటాను. అందుకే కొలవాలి అంటున్నాను. చైనుని డెక్ మీద బిగుతుగా పరిచి, మొదటి లింకు లోపలి అంచు నుంచి పదో లింకు అవతలి లోపలి అంచు దాకా టేపు పెట్టాలి. 28 సెంటీమీటర్లు వస్తే డిన్, 30 వస్తే ఐఎస్ఓ. రెండు సెంటీమీటర్ల తేడా, ఎవరూ కాదనలేరు. తెరచాపదారి గారూ, ఆ కొలత ఫొటో పంపమని కంపెనీకి రాతపూర్వకంగా అడగండి.

నీలినీడ
ఫొటోలో చైను పక్కన వించ్ (తాళ్లు బిగించే చక్రం) హ్యాండిల్ ఉంది కదా. దాని పొడవు తెలిస్తే ఇక్కడే లెక్కకట్టొచ్చేమో?

గొలుసుకొక్కెం
మంచి ఆలోచన, నేనూ ప్రయత్నించాను. మామూలు హ్యాండిల్ పది అంగుళాలు, అంటే 254 మిల్లీమీటర్లు. ఆ పొడవులో డిన్ అయితే తొమ్మిది లింకులు, ఐఎస్ఓ అయితే ఎనిమిదిన్నర రావాలి. కానీ ఫొటో ఏటవాలుగా తీశారు, అర లింకు తేడా అందులో తేలదు. టేపే గతి.

ఒడ్డుకాపు
నేను ఆరేళ్లు ఒక చార్టర్ బేస్‌లో పనిచేశాను, ఆ వైపు నుంచి కూడా చెప్తాను. శనివారం పొద్దున పది బోట్లు వస్తాయి, సాయంత్రానికి అవే పది వెళ్లాలి. మధ్యలో ఉన్నది ఐదారు గంటలు. దుప్పట్లు, టాయిలెట్లు, ఇంజిన్ ఆయిల్, అడుగుభాగానికి దెబ్బలు చూడటం, ఇందులోనే గంటలు అయిపోతాయి. విండ్లాస్‌ని పైకి కిందికి రెండు మీటర్లు తిప్పి "ఓకే" రాసేస్తాం. రెండు మీటర్లలో ఏ రోగమూ బయటపడదు. కొనేటప్పుడు "10 మిల్లీమీటర్ల చైను, 50 మీటర్లు" అని ఆర్డర్ పెడతారు, ప్రమాణం పేరు రాయడం మరిచిపోతారు. నా కళ్లతో చూశాను కాబట్టి చెప్తున్నాను.

అలాగని అతిథులందరూ అమాయకులని అనను. క్లచ్ బిగించే ఉంచి బటన్ నొక్కి పట్టుకుని, లంగరు రోలర్‌కి కొట్టుకునేదాకా లాగేవాళ్లు ప్రతి వారం ఉంటారు. ఆఖరి మీటరు మెల్లగా, తట్టి తట్టి లాగాలి.

ఉప్పుగాలి
డిపాజిట్ సంగతి గొలుసుకొక్కెం గారు చూసుకుంటున్నారు. నాకు బెంగంతా ఆ రాత్రి లంగరు ఎందుకు జారిందన్న దాని మీద. మీటర్ 7 అంది అన్నారు. ఆ 7 నీటి మట్టం నుంచా, కీల్ (బోటు అడుగున ఉండే రెక్క) అడుగు నుంచా?

తెరచాపదారి
...కీల్ అడుగు నుంచి. ఇచ్చేటప్పుడు చెప్పారు, ఇప్పుడు గుర్తొచ్చింది. కీల్ నీళ్లలో 2 మీటర్ల లోతు దాకా దిగి ఉంటుంది.

ఉప్పుగాలి
అంటే నిజమైన లోతు 9. నీటి నుంచి ముక్కు రోలర్ ఎత్తు ఒకటిన్నర కలపండి, పదిన్నర. చైనుకి కనీసం ఐదింతలు అనుకుంటే 52 మీటర్లకి పైనే కావాలి. లాకర్‌లో ఉన్నదే 50! మీరు వదిలింది 35, అంటే మూడింతలకి కాస్త ఎక్కువ. అదీ సెకన్ల లెక్క, చైను దూకుతున్న విండ్లాస్‌తో. ఎటు కొంత తేడా వచ్చిందో దేవుడికే తెలియాలి.

సాయంత్రం గాలి లేనప్పుడు ఏ పొడవైనా పట్టినట్టే ఉంటుంది. గాలి వేగం రెండింతలైతే బోటు మీద తోపుడు నాలుగింతలవుతుంది. చైను వంపు పోయి తీగలా సాగిపోతుంది, లంగరు కాడ పైకి లేస్తుంది, అంతే. ఆ చోట లోతు మీ చైనుకి ఎక్కువ, ఒడ్డుకి దగ్గరగా నాలుగైదు మీటర్ల చోటు వెతుక్కోవాల్సింది. ఇది మందలింపు అనుకోవద్దు. కీల్ లెక్క నేనూ ఒకసారి మరిచిపోయాను, ఆ రాత్రి నాకూ నిద్ర లేదు.

చుక్కానిచెయ్యి
ఉప్పుగాలి గారి లెక్కతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. లంగరు వేశాక వెనక్కి లాగి చూశారా? ముందు మెల్లగా, పట్టాక ఇంజిన్ 2000 దాకా పెంచి అరనిమిషం ఉంచాలి. ఒడ్డు మీద రెండు గుర్తులు, ఒక చెట్టు, దాని వెనక ఒక ఇల్లు, ఒకే వరసలో పెట్టుకుని చూడాలి. అవి విడిపోతుంటే జారుతున్నట్టు. చైను మీద అరిచెయ్యి వేస్తే ఇంకా త్వరగా తెలుస్తుంది. పట్టిన చైను కదలదు, జారే చైను సన్నగా వణుకుతుంది.

తెరచాపదారి
వెనక్కి లాగాను, కానీ 1200 దాటలేదు. ఇంకా పెంచితే ఊడొస్తుందేమో అని భయమేసింది.

చుక్కానిచెయ్యి
ఊడాల్సింది ఉంటే పగలే ఊడనివ్వండి, మీరు మెలకువగా ఉన్నప్పుడే.

అలసవ్వడి
లంగరు ఏది? ఫొటోలో డెల్టా రకంలా ఉంది. చార్టర్ బోట్లలో కొత్త తరం లంగర్లు పెడితే సగం బాధలు పోతాయి. రొక్నా లాంటిది ఇసుకలో దిగిందంటే కదలదు.

గొలుసుకొక్కెం
డెల్టానే, 20 కిలోలది అయ్యుంటుంది. దానికేం, మంచి లంగరే. దానికి ముందొచ్చిన నాగలి ఆకారపు లంగరు సీక్యూఆర్‌ని జి.ఐ. టేలర్ 1933లో పేటెంట్ చేశారు. అది పట్టుకుని మహాసముద్రాలు దాటినవాళ్లున్నారు. చైను తక్కువైతే ఏ లంగరూ పట్టదు. పైగా అద్దె బోటులో లంగరు మార్చుకోలేం కదా, ఉన్నదాన్ని సరిగా వాడటమే మన చేతుల్లో ఉంది.

అలసవ్వడి
ఇక్కడ ఒప్పుకోను. పొడవు సరిగ్గా ఉన్నా సముద్రపు గడ్డిలో డెల్టా పైపైనే జారిపోయింది మాకు, రెండుసార్లు.

ఉప్పుగాలి
గడ్డిలో చాలా లంగర్లు తడబడతాయి. దానికి మందు ఇసుక మచ్చ వెతికి అందులో వేయడమే. నీళ్లు తేటగా ఉంటే లేత రంగులో కనపడుతుంది. మధ్యధరా సముద్రంలో పోసిడోనియా గడ్డి మీద లంగరు వేయడం చాలాచోట్ల నిషేధం కూడా. వేశాక ఈత కళ్లద్దాలు పెట్టుకుని దిగి చూడండి. కొన భూమిలో దిగిందా, పక్కకి పడుకుని ఉందా అన్నది ఒక్క మునకలో తెలుస్తుంది.

వోల్టులెక్క
స్నబ్బర్ అక్కర్లేదన్న మాట దగ్గరికి వస్తాను. అది చాలా తప్పు సలహా. రాత్రంతా బోటు గుంజుడు జిప్సీ పళ్ల మీద, విండ్లాస్ షాఫ్టు మీద పడుతుంది. విండ్లాస్‌ని అలా పట్టి ఉంచడానికి తయారు చేయలేదు. సాగే నైలాన్ తాడు చైనుకి కట్టి క్లీట్‌కి (డెక్ మీద తాడు కట్టే కొమ్ము) బిగిస్తే, మధ్యలో చైను వదులుగా వేలాడుతుంది, బరువంతా తాడు మీదికి పోతుంది.

నీలినీడ
తాడుని చైనుకి తగిలించే కొక్కెం బోటులో లేకపోతే?

వోల్టులెక్క
కొక్కెం అక్కర్లేదు. ఏడెనిమిది మీటర్ల నైలాన్ తాడు ఉంటే చాలు, చైనుకి రోలింగ్ హిచ్ ముడి వేయొచ్చు. రెండు చుట్లు బదులు మూడు నాలుగు వేయండి, జారదు. నేను చార్టర్‌కి వెళ్లినా నా తాడు నా సంచీలోనే ఉంటుంది.

ఒడ్డుకాపు
విండ్లాస్ పూర్తిగా చచ్చిపోతే చేతులు చీరుకోకుండా ఇంకో దారి ఉంది. అదే తాడుని చైనుకి రోలింగ్ హిచ్ వేసి, రెండో కొస వెనకున్న షీట్ వించ్‌కి (తెరచాప తాళ్లు లాగేది) తీసుకెళ్లి తిప్పండి. కొన్ని మీటర్లు రాగానే చైనుని ముక్కు దగ్గర క్లీట్‌కి కట్టేసి, ముడి ముందుకి జరిపి మళ్లీ తిప్పండి. నెమ్మదే, కానీ వేళ్లు మిగులుతాయి. 10 మిల్లీమీటర్ల చైను మీటరుకి 2.3 కిలోలు. ఆ లోతులో వేలాడే చైను 24 కిలోలు, లంగరు 20, మొత్తం 44 కిలోలు ఇద్దరూ ఎత్తారు. బోటు గుంజుడు ఇంకా కలపలేదు.

తెరచాపదారి
ఇదొక్కటి ఆ రాత్రి తెలిసి ఉంటే... కంపెనీకి మెయిల్ పెట్టాను. పది లింకుల కొలత, జిప్సీ అచ్చు ఫొటో, చైను కొన్న తేదీ, మూడూ అడిగాను. రెండో రోజు తీసిన వీడియోలో "టక్" చప్పుడు రికార్డయింది, అదీ జతచేశాను.

చుక్కానిచెయ్యి
వీడియో ఉందా! ముందే చెప్పాలి కదండీ. అప్పుడు తేదీ, సమయం పడ్డాయి కాబట్టి నాలుగో రాత్రి దురుపయోగానికి ముందే ఆ లోపం ఉన్నట్టు రుజువైనట్టే. నా మొదటి పోస్టులో మాట కాస్త కటువుగా వచ్చింది, ఏమీ అనుకోకండి.

నీలినీడ
నాకు వచ్చే నెల మొదటి చార్టర్. ఈ థ్రెడ్ చదివాక గుండె దడగా ఉంది. బోటు తీసుకునేటప్పుడు ఏం చూడాలో ఎవరైనా చెప్పండి.

ఒడ్డుకాపు
మీ ముందు చైను మొత్తం బయటికి వదిలించండి, మొత్తం ఎత్తించండి. మెరీనాలో నీళ్లలోకే వదలొచ్చు, పది నిమిషాల పని. మొహం చిట్లించినా సరే, నవ్వుతూ నిలబడండి. ఆ పది నిమిషాల్లో చైను దూకుతోందా, గుర్తులున్నాయా, క్లచ్ జారుతోందా, అన్నీ బయటపడతాయి. గుర్తులు లేకపోతే రంగు కేబుల్ టైలు అక్కడే కట్టేయండి, పదేసి మీటర్లకి. బ్రేకర్ ఎక్కడుందో మీరే వెళ్లి, మీ చేత్తో ఆపి, మళ్లీ వేయండి. చూపిస్తే చాలదు, రాత్రి మూడింటికి గుర్తుకురాదు.

చైనుని లంగరుకి కలిపే షాకిల్ పిన్ను తీగతో కట్టి ఉందో లేదో వేలితో తడిమి చూడండి. రెండో లంగరు ఉంటే దానికి చైను, తాడు ఉన్నాయా చూడండి. నేను చూసిన బోట్లలో చాలావాటిలో లాకర్ అడుగున ఒట్టి లంగరే ఉండేది. లోపం ఏదైనా కనపడితే కాగితం మీద రాయించి, వాళ్ల సంతకం తీసుకోండి.

ఉప్పుగాలి
ఒకటి కలుపుతాను. విండ్లాస్ పనిచేస్తున్నప్పుడు చైను దగ్గర వేళ్లు పెట్టొద్దు, జడ వేలాడదీయొద్దు, చెప్పులు లేకుండా నిలబడొద్దు. పిల్లలు ముక్కు మీద ఉంటే బ్రేకర్ ఆపేయండి. కాలి స్విచ్ ఒక్కోసారి ఇరుక్కుపోయి తనంతట తనే తిరుగుతుంది.

తెరచాపదారి
తొమ్మిది రోజులకి జవాబొచ్చింది. వాళ్ల టెక్నీషియన్ కొలిచి ఫొటో పంపాడు. పది లింకులు, టేపు మీద సరిగ్గా 30 సెంటీమీటర్లు! జిప్సీ డిన్ 766. చైను మార్చింది మా ట్రిప్‌కి మూడు వారాల ముందు. కోసిన డబ్బు మొత్తం తిరిగి వేశారు, మిగతా బోట్ల చైన్లు కూడా కొలుస్తున్నాం అని రాశారు. గొలుసుకొక్కెం గారూ, ఆ ఫొటో మీకు కిందే పెడుతున్నాను.

లంగరు జారడం మాత్రం నా లెక్క తప్పే, అది వాళ్ల మీద వేయలేదు.

గొలుసుకొక్కెం
ఆ 30 చూసి ప్రాణం లేచొచ్చింది.

అలసవ్వడి
నాకు మాత్రం ఇప్పుడు ఇంట్లో ఏ గొలుసు కనపడినా పది లింకులు కొలవాలనిపిస్తోంది 😄

నీలినీడ
ఇవాళే బోటు తీసుకున్నాను. ఒడ్డుకాపు గారు చెప్పినట్టే చైను మొత్తం వదలమన్నాను. కుర్రాడు "ఎవరూ అడగరండీ" అన్నాడు, అయినా వదిలాడు. పది లింకులు 28, జిప్సీకి సరిపోయింది. ఇంతదాకా వచ్చింది కదా అని లాకర్‌లోకి తల పెట్టి టార్చి వేశాను. చైను చివరి లింకు దేనికీ కట్టలేదు! అడుగున ఊరికే పడి ఉంది. వదులుతూ పోతే మొత్తం నీళ్లలోకి వెళ్లిపోయేది. కుర్రాడి మొహం పాలిపోయింది, పరుగెత్తుకెళ్లి తాడు తెచ్చి కట్టాడు.

ఒడ్డుకాపు
తాడుతోనే కట్టాడు కదా, షాకిల్‌తో కాదు కదా? తాడు ఎంత పొడవు?

నీలినీడ
తాడే. చైను అయిపోయాక డెక్ మీదికి రెండడుగులు వస్తుంది, అవసరమైతే కోసెయ్యొచ్చు. కత్తిని లాకర్ మూత లోపలివైపు టేపుతో అంటించాను.